‘ఏం లేదక్కా’ అనే తమ్ముడి కడుపు సంగతి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా తమ్ముడికి 31 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బని తేలి చాలా ఏళ్లయింది. రిస్పెరిడోన్, తర్వాత ఒలాంజపిన్ వాడినా, ఎవరూ లేకుండానే చెవిలో వినపడే మాటలు ఆగలేదు. పోయిన ఏడాది నుంచి క్లోజపిన్ ఇస్తున్నారు. ఇప్పుడు పొద్దున 100, రాత్రి 250 మిల్లీగ్రాములు. వణుకు రాకుండా అని మొదట్లో రాసిన ట్రైహెక్సీఫెనిడిల్ కూడా అలాగే నడుస్తోంది. మనిషి చాలా మారాడు. మాతో కూర్చుని క్రికెట్ చూస్తున్నాడు, స్నానానికి బతిమాలాల్సిన పని లేదు. కానీ మోషన్ నాలుగైదు రోజులకోసారి అవుతోంది. బాత్రూంలోకి వెళ్తే గంట. పొట్ట ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. అడిగితే ‘ఏం లేదక్కా’ అంటాడు. మొన్న రెండు రోజులు నీళ్లలా విరేచనాలయితే మెడికల్ షాపులో లోపెరమైడ్ తెచ్చి వేశాం. రాత్రి చొంగతో దిండు తడిసిపోతోంది. ఈ మందులే కడుపు పాడు చేస్తున్నాయి, సగం వేద్దాం లేదా ఆపేద్దాం అని నాన్నగారు అంటున్నారు. డాక్టర్ గారి దగ్గర అయిదు నిమిషాలు దొరకడమే ఎక్కువ, అందులో మోషన్ సంగతి ఎత్తాలంటే సిగ్గు. ఇసబ్‌గోల్ గానీ ఆయుర్వేద చూర్ణం గానీ పాలలో కలిపి ఇవ్వచ్చా?

సమాధానం: అమ్మా, మిగతాది చదివే ముందు ఒక్కసారి లేచి వెళ్లి మీ తమ్ముణ్ణి చూసి రండి. పొట్ట బిగుసుకుపోయి గట్టిగా ఉందా? వాంతులున్నాయా? కింద నుంచి గ్యాస్ పోవడం కూడా ఆగిపోయిందా? జ్వరం గానీ, వంకర్లు తిరిగే నొప్పి గానీ, మలంలో రక్తం గానీ ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ జవాబు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. గాంధీ అయినా, ఉస్మానియా అయినా, మీకు దగ్గర్లో సర్జన్ ఉండే ఏ ఆసుపత్రి అయినా సరే, క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అక్కడ మొట్టమొదట చెప్పవలసింది ‘క్లోజపిన్ వాడుతున్నాడు, ఇన్ని రోజులుగా మోషన్ సరిగా లేదు’ అని. మానసిక జబ్బు అన్న మాట ముందు వినపడితే, కడుపునొప్పి కూడా ఆ జబ్బులో భాగమే అనుకుని పక్కన కూర్చోబెట్టే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొట్ట చేత్తో నొక్కి చూడమని, ఎక్స్‌రే తీయమని గట్టిగా అడగండి. మొహమాటపడకండి.

అలాంటివేమీ లేకపోతే స్థిమితంగా కూర్చుని చదవండి. కానీ నెలాఖరు అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. రేపో ఎల్లుండో డాక్టర్‌ని కలవాలి, కుదరకపోతే ఫోన్ అయినా చేయాలి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టింది ఆ నీళ్ల విరేచనాలు. నాలుగైదు రోజులు మోషన్ లేని మనిషికి ఉన్నట్టుండి నీళ్లలా అయితే, అది కడుపు ఖాళీ అయిందనడానికి గుర్తు కాకపోవచ్చు. కింద గట్టిపడిన మలం అడ్డం పడి, దాని పక్కల నుంచి పై నీరు మాత్రం కారుతూ ఉండొచ్చు. చూసేవాళ్లు విరేచనాలనే అనుకుంటారు. లోపెరమైడ్ పేగు కదలికను ఇంకా తగ్గించే మందు. అసలే కదలని పేగుకి అది వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ మాత్రలు ఇంకా ఇంట్లో ఉంటే మీ తమ్ముడికి మళ్లీ వేయకండి. వేసిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

క్లోజపిన్ అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది రక్తపరీక్ష. తెల్ల రక్తకణాలు పడిపోతాయేమోనని మొదట్లో వారం వారం సూది గుచ్చి చూస్తారు. ఆ జాగ్రత్త అవసరమే. 1975లో ఫిన్లండ్‌లో ఈ మందు వల్ల కొందరు అలా చనిపోయాకే ప్రపంచమంతా జడిసింది. ఆ భయం వల్ల రక్తం మీద కన్ను పడింది గానీ పేగు మీద పడలేదు. న్యూజిలాండ్‌లో క్లోజపిన్ వాడుతున్నవాళ్ల పేగుల్లో ఆహారం ఎంత సేపట్లో కదులుతోందో కొలిచి చూశారు. ఈ మందు వాడనివాళ్లలో పెద్దపేగు దాటడానికి సుమారు 23 గంటలు పడితే, వాడేవాళ్లలో 100 గంటలు దాటింది. వాడేవాళ్లలో 80 శాతం మందికి పేగు నెమ్మదించింది. వాళ్లలో చాలామంది తమకు మలబద్ధకం ఉందని చెప్పనే లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జనవరిలో ఈ విషయం మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. మలబద్ధకాన్ని ముదరనిస్తే పేగు స్తంభించి, చిల్లు పడి, ప్రాణం మీదికి రావచ్చని దాని సారాంశం. మీకు టెన్షన్ పెంచాలని ఇదంతా చెప్పడం లేదు. డాక్టర్ దగ్గర ఎత్తడానికి సిగ్గుపడుతున్నారే, అది సిగ్గుపడాల్సిన చిన్న విషయం కాదని తెలియాలని చెబుతున్నాను.

ఎందుకిలా అవుతుందంటే, పేగు గోడల్లోని కండరాలు వరసగా ముడుచుకుంటూ లోపలున్నదాన్ని ముందుకు నెడతాయి. ఆ ముడుచుకోవడానికి నరాల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కబురు తేవాలి. క్లోజపిన్ ఆ కబురును అడ్డుకుంటుంది. ట్రైహెక్సీఫెనిడిల్ కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. అంటే మీ తమ్ముడి పేగుకి రెండు వైపుల నుంచీ తాళం పడింది. రిస్పెరిడోన్ వాడే రోజుల్లో వణుకు, బిగుసుకుపోవడం రాకుండా రెండోది రాసి ఉంటారు. ఆ రెండూ కలిపిన మాత్ర కూడా మన దగ్గర బాగా వాడకంలో ఉంది. క్లోజపిన్‌తో వణుకు చాలా తక్కువ. పాత చిట్టీలో ఉన్నది కొత్త చిట్టీలోకి అలవాటుగా ఎక్కేస్తూ ఉంటుంది. ‘ఇది ఇంకా అవసరమా సార్?’ అని అడగండి. మీ సమస్యలో సగం ఆ ఒక్క ప్రశ్నతో తేలినా ఆశ్చర్యం లేదు. అయితే అడగకుండా మీరే ఆపేయకండి, దాన్నీ మెల్లగా తగ్గించాలి.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన చూస్తున్నది నిజమే, కడుపుని ఇబ్బంది పెడుతున్నది మందే. అందుకు మందు ఆపేద్దామన్నదే ప్రమాదం. రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడినా తగ్గనివాళ్లకే సాధారణంగా క్లోజపిన్ మొదలుపెడతారు. దీని తర్వాత ఇంత గట్టిగా పనిచేసే మందు ఇంకొకటి చేతిలో లేదు. ఉన్నట్టుండి ఆపితే పాత మాటలు మళ్లీ చెవిలో మొదలవడమే కాదు, మొదటి రోజుల్లోనే వాంతులు, చెమటలు, నిద్ర లేకపోవడం, విపరీతమైన కంగారు రావచ్చు. ఇంకొకటి చాలా ఇళ్లలో తెలియదు. ఏ కారణంతోనైనా క్లోజపిన్ 48 గంటలకు మించి తప్పితే, మళ్లీ పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు. గుండె, బీపీ తట్టుకోలేవు. 12.5 మిల్లీగ్రాముల దగ్గర నుంచి డాక్టర్ చెప్పినట్టు మెట్టు మెట్టుగా ఎక్కాలి. కాబట్టి నాన్నగారు ‘రెండు రోజులు ఆపి చూద్దాం’ అన్నా వద్దనండి. తగ్గించాల్సి ఉంటే డాక్టర్ తగ్గిస్తారు, ఒక్కోసారి తగ్గిస్తారు కూడా. అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. ఆయన అడగాల్సింది ఆయనే అడిగితే ఇంట్లో వాదన ఉండదు.

ఇసబ్‌గోల్ వద్దు. మామూలు మనిషికి మలబద్ధకమైతే అది మంచిదే. నీళ్లు పీల్చుకుని ఉబ్బి, మలం పరిమాణం పెంచుతుంది, పేగు దాన్ని నెట్టేస్తుంది. ఇక్కడ నెట్టే పేగే మందగించింది. నాలా పూడుకుపోయి నీళ్లు కదలని చోట ఇంకో ట్రాక్టర్ మట్టి పోసినట్టవుతుంది. చూర్ణాల సంగతి వేరు. విరేచనం కోసం అమ్మే చూర్ణాల్లో చాలావాటిలో సునాముఖి ఉంటుంది. అది అల్లోపతి డాక్టర్లు రాసే సెన్నాయే. పనిచేస్తుంది, అనుమానం లేదు. కానీ చెంచాకి ఎంత మోతాదు పడుతోందో మీకు తెలియదు, డాక్టర్ కూడా అదే రాస్తే రెట్టింపవుతుంది. ఆముదం తాగించడం, ఇంట్లో ఎనిమా ఇవ్వడం లాంటివి అసలు పెట్టుకోకండి. లోపల అడ్డంకి ఉందో లేదో తెలియకుండా బలవంతాన నెట్టకూడదు.

డాక్టర్ ముందు పొట్ట చూసి, అడ్డంకి లేదని నమ్మకం కుదిరాక సాధారణంగా రెండు రకాల మందులు కలిపి ఇస్తారు. ఒకటి పేగుని కదిలించేది, సెన్నా గానీ బిసాకోడిల్ గానీ. రెండోది మలాన్ని మెత్తబరిచేది, లాక్టులోజ్ సిరప్ గానీ నీళ్లలో కలుపుకునే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి గానీ. లాక్టులోజ్ పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదట్లో గ్యాస్ పెరిగినట్టు అనిపిస్తుంది, దానికి ఆపేయకండి. మన ఇళ్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న, ‘వీటికి అలవాటు పడిపోతాడేమో’ అని. పేగు మందగించడానికి కారణం రోజూ వేసే మాత్ర అయినప్పుడు, దానికి విరుగుడు కూడా రోజూ ఉండాల్సిందే. బిగిసినప్పుడు నాలుగు రోజులు వేసి, ఫ్రీగా అవగానే మానేయడం వల్లే మళ్లీ మళ్లీ మొదటికొస్తుంది. క్లోజపిన్ మొదలుపెట్టిన రోజే విరేచన మందు కూడా రాయాలన్నది నా అభిప్రాయం. చాలామంది సైకియాట్రిస్టులు ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

పాలలో కలిపి ఇవ్వచ్చా అని మీరు మామూలుగానే అడిగారు. దయచేసి వద్దు. జబ్బు ముదిరిన రోజుల్లో ‘తిండిలో ఏదో కలుపుతున్నారు’ అన్న అనుమానం స్కిజోఫ్రీనియాలో చాలామందికి వస్తుంది. మీ తమ్ముడికి వచ్చిందో లేదో మీరు రాయలేదు. వచ్చి ఉంటే, గ్లాసు అడుగున తెల్లగా పేరుకున్న పొడి ఒక్కసారి కంటబడితే చాలు, ఏడాదిగా కూడబెట్టుకున్న నమ్మకం అక్కడితో సరి. ఎప్పుడూ రాకపోయినా, 31 ఏళ్ల మనిషి కడుపులోకి ఏం వెళ్తోందో అతనికి తెలియాలి. ‘ఈ మాత్ర వల్ల కడుపు బిగుస్తోందట, దీనికి డాక్టర్ గారు ఇది ఇచ్చారు’ అని చూపించి ఇవ్వండి. చాలామంది హాయిగా తీసుకుంటారు. ఇబ్బంది పడుతున్నది వాళ్లే కదా.

మరి ‘ఏం లేదక్కా’ అని ఎందుకంటాడు? దాచడం కాకపోవచ్చు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో నొప్పి తెలియడం, తెలిసినా దాన్ని చెప్పాలనిపించడం రెండూ మందగించడం వైద్యులు ఎప్పటి నుంచో గమనిస్తున్న సంగతి. దానికి మందుల మత్తు తోడవుతుంది. కొందరిలో అపెండిక్స్ పగిలే దాకా మూలుగు కూడా వినిపించదు. అందుకని అతను ఫిర్యాదు చేస్తాడని ఎదురుచూడకండి. అలాగని అందరి ముందూ హాల్లోంచి ‘మోషన్ అయిందారా?’ అని కేకేయకండి. గోడ మీద తిథులు రాసుండే క్యాలెండర్ ఉంటుంది కదా, బాత్రూం దారిలో ఒకటి తగిలించి, పక్కనే దారం కట్టి పెన్ను వేలాడదీయండి. అయిన రోజు తనే టిక్ పెట్టుకుంటాడు, గట్టిగా అయితే పక్కన చిన్న సున్నా. ఎవరూ నోరెత్తక్కర్లేదు. రెండు రోజులు ఖాళీగా ఉంటే మీరు విడిగా, మెల్లగా అడగండి. మూడో రోజు కూడా ఖాళీ అయితే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

డాక్టర్ గది ముందు సిగ్గుకి కూడా ఆ క్యాలెండరే మందు. ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోగానే, మాటలు వినపడుతున్నాయా నిద్ర పడుతోందా అన్న ప్రశ్నలు మొదలవకముందే ముందు పెట్టండి. ‘ఈ నెలలో ఆరుసార్లే అయింది సార్, పొట్ట ఉబ్బి ఉంటోంది, మధ్యలో నీళ్లలా అయింది’ అంటే అర నిమిషం పట్టదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీలో అయినా, కార్పొరేట్ ఆసుపత్రిలో అయినా ఆ ఫొటో చూసి పట్టించుకోని సైకియాట్రిస్టు ఉండకూడదు. ఉంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, తప్పు లేదు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పీచు మంచిదే గానీ పేగు మందగించినప్పుడు అదొక్కటే సరిపోదు. జొన్నరొట్టె, తోటకూర పప్పు, జామకాయ, బొప్పాయి మెల్లగా పెంచండి, దానికి తగ్గట్టు నీళ్లు, మజ్జిగ పెంచండి. కిడ్నీ, గుండె సమస్యలుంటే నీళ్ల లెక్క డాక్టర్‌ని అడగాలి. అంతకన్నా పనికొచ్చేది వేళ. పొద్దున టిఫిన్ తిన్న అరగంటలో పెద్దపేగు సహజంగానే కదులుతుంది. ఆ సమయంలో ఫోన్ లేకుండా పది నిమిషాలు కూర్చోమనండి. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయాలి. గంటసేపు ముక్కుతూ కూర్చుంటే మొలలు కూడా వస్తాయి. సాయంత్రం ఇద్దరూ కాలనీ చుట్టూ నడిస్తే పేగుకీ మంచిది, ఈ మందుతో పెరిగే బరువుకీ సుగర్‌కీ మంచిది.

సిగరెట్ సంగతి మీరు రాయలేదు. మీ తమ్ముడు తాగుతుంటే ఇది ముఖ్యం. పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ని త్వరగా విరిచేస్తుంది. మానేయడం మంచి పనే, కానీ ఒక్కసారిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే మాత్ర మారకుండానే రక్తంలో మందు బాగా పెరుగుతుంది. మత్తు, చొంగ, మలబద్ధకం కూడా పెరుగుతాయి. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడూ అలాగే పెరగొచ్చు. చాయ్, కాఫీ రోజుకి ఎన్నిసార్లన్నది ఉన్నట్టుండి మార్చినా తేడా వస్తుంది. అందుకని మానేసే ముందు డాక్టర్‌కి చెప్పి మోతాదు సరిచూసుకోవాలి.

గల్లీ చివర మెడికల్ షాపు నుంచే నాకు ఎక్కువ భయం. కడుపునొప్పి అనగానే ఇచ్చే డైసైక్లోమైన్, హయోసిన్ లాంటివి నొప్పి తగ్గిస్తాయి గానీ పేగుని ఇంకా ఆపుతాయి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ కూడా కొంత అంతే. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ మందులతో కలిస్తే మెడ, దవడ బిగుసుకుపోవచ్చు. విరేచనాలనగానే చేతికిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ రక్తంలో క్లోజపిన్‌ని ప్రమాదకరంగా పెంచుతుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోలేరు, అవసరం కూడా లేదు. చిట్టీ ఫొటో ఫోన్‌లో ఉంచుకుని, మీ డాక్టర్‌ని అడగకుండా ఏ మాత్రా వేయకుండా ఉంటే చాలు. డాక్టర్ దొరక్కపోతే, ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రయినా పగలయినా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పొట్ట బిగిసిన అత్యవసరం అయితే మాత్రం ఆ నంబర్ కాదు, 108.

ఇది చదువుతున్న మిగతా ఇళ్లవాళ్లకి రెండు ముక్కలు. ఇలాంటి జబ్బులకే ఇచ్చే వేరే మందులు ఒలాంజపిన్, క్వెటియాపిన్, క్లోర్‌ప్రోమజైన్ వాడేవాళ్లకి కూడా మలబద్ధకం రావచ్చు, క్లోజపిన్ అంత తీవ్రంగా సాధారణంగా ఉండదు. ఆ కోవదే అరిపిప్రజోల్ మొదట్లో వికారం తేవచ్చు, తిన్నాక వేసుకుంటే, కొద్ది రోజులు ఓపిక పడితే చాలావరకు సర్దుకుంటుంది. అలాంటిదే లురాసిడోన్ ఖాళీ కడుపున వేస్తే సగం మందు ఒంటికి పట్టదు, కనీసం 350 కేలరీల భోజనంతోనే వేయాలి. బిస్కెట్, చాయ్ లెక్కలోకి రావు.

ఇక మిగిలింది చొంగ. అది క్లోజపిన్ వాడేవాళ్లలో చాలామందికి ఉండేదే. మీ తమ్ముడికి దాని గురించి ఎంత నామోషీగా ఉందో అడిగి చూడండి, ఒక్కోసారి మందు మానేయాలనిపించడానికి అసలు కారణం అదే అవుతుంది. ప్రక్కకి తిరిగి పడుకోమనండి, తల కింద ఇంకో దిండు వేయండి, పైన తువ్వాలు పరవండి. రాత్రి మోతాదు వేళ మార్చడం, నాలుక కింద చుక్కలు వేయడం లాంటి ఉపాయాలు డాక్టర్ దగ్గర ఉన్నాయి. కానీ చొంగ తగ్గించే మందుల్లో చాలావరకు పేగుని మళ్లీ బిగించేవే. ట్రైహెక్సీఫెనిడిల్‌ని కూడా కొందరు అందుకే కొనసాగిస్తారు, మీ చిట్టీలో అది ఎందుకుందో అడిగేటప్పుడు ఈ సంగతి కూడా తేల్చుకోండి. రాత్రి పొలమారి దగ్గుతో లేస్తున్నా, తింటుంటే ముద్ద గొంతులో అడ్డం పడుతున్నా మాత్రం అది వెంటనే చెప్పాల్సిన విషయం. చొంగ గానీ తిండి గానీ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.